దర్జీ దైవాధీనం ఆదివారాలు

దైవాధీనానికి రెండు విషయాల్లో గర్వం. ఒకటి తన కుట్టు, రెండోది తన గొంతు. మిగతా అన్నిటిలోనూ ఆయన మహా వినయంగా ఉండేవాడని చెప్పాలనే ఉంది గాని, ఆ మాట ఆయన భార్య సువర్ణ వింటే పడీపడీ నవ్వుతుంది. తెల్ల పంచె మీద చిన్న మరక పడినా ఆయనకి ఊరంతటి మీదా కోపం వచ్చేది. ఆ ఊరేమో బురద ఊరు.

మొగలిపాయ అని ఆ ఊరి పేరు. రాజోలు దాటి దిండి వైపు దిగాక, గోదావరి పాయల్లో ఒక చిన్న పాయ పక్కన ఉంటుంది. సముద్రం దగ్గర కాబట్టి అక్కడ నీళ్ళు రోజూ ఎక్కుతాయి, దిగుతాయి. ఎక్కితే పోటు అంటారు, దిగితే పాటు. పాటు వేళ పాయ అడుగంతా నల్లటి బురదగా బయటపడుతుంది. అప్పుడు ఊళ్ళో ఆడామగా తట్టలు పట్టుకుని దిగి గుల్లలు ఏరతారు. బట్టీలో కాల్చి సున్నం చేసేది ఆ గుల్లల్నే. నీళ్ళు మళ్ళీ ఎక్కాయంటే ఆ పూటకి పని సరి. పోటుకీ పాటుకీ రోజూ ఒకే వేళ అంటూ లేదు. చంద్రుణ్ణి బట్టి రోజురోజుకీ కాస్త వెనక్కి జరుగుతూ పోతాయి. ఆ ఊళ్ళో పుట్టినవాళ్ళకి ఇది ఎవరూ నేర్పక్కర్లేదు. పొయ్యి ముందు కూర్చున్న ముసలమ్మ కూడా నీళ్ళెక్కడున్నాయో అక్కడి నుంచే చెప్పేస్తుంది.

దైవాధీనం ఆ ఊళ్ళో పుట్టలేదు. ఆయనది కొత్తపేట. అక్కడ నీళ్ళంటే కాలవ నీళ్ళే. లాకులు ఎత్తితే వస్తాయి, దించితే ఆగుతాయి, మర్యాదగా ఒకే వైపు పోతాయి. మొగలిపాయ మాణిక్యం గారికి ఒక్కతే కూతురు, సువర్ణ. ఆ అమ్మాయిని చేసుకుని, కుట్టుమిషను పడవలో పెట్టుకుని ఇల్లరికం వచ్చాడు. పడవ దిగుతూనే మోకాలిదాకా బురదలో దిగబడ్డాడు. నలుగురు పట్టి లాగితే పెళ్ళికొడుకు పైకొచ్చాడు గాని ఎడమకాలి చెప్పు రాలేదు. గెడకర్రతో పడవ నడిపే కామరాజు ఆ తరవాత ఎన్నేళ్ళకైనా, కొత్తవాళ్ళు ఎవరెక్కినా, "దైవాధీనం గారి చెప్పు ఇక్కడే ఉందండి, గెడ తగిలించకుండా పోనిస్తాను" అనేవాడు. ఆ రోజు నుంచి దైవాధీనం పాయ గట్టు దిగలేదు. అరుగు మీద మిషను, మిషను వెనక ఆయన. బురద సంగతంతా భార్యదీ అత్తగారిదీ.

ఊళ్ళో ఉన్నవి నలభై గడపలు. ఊరి మధ్య చిన్న ప్రార్థన గుడి. మాణిక్యం గారు కొత్త కోడలుగా ఉన్నప్పుడు కట్టారట. ఇటుకలు దొరల క్రైస్తవ మిషను వాళ్ళు పంపితే, సున్నానికి గుల్లలు ఊళ్ళో ఆడవాళ్ళే మోశారు. గోడకి ఆనుకుని కూర్చున్నప్పుడల్లా ఆవిడ గోడని అరచేత్తో తట్టి, "ఇందులో నా తట్టలెన్నున్నాయో" అనేది. గుమ్మం పక్కన తాటిదూలానికి ఒక కంచు గంట వేలాడేది. ఆ గంట కొడితే పాయ అవతలి గట్టుకి కూడా వినిపిస్తుందని ఊరివాళ్ళకి గొప్ప.

అప్పట్లో గుడి బాగోగులు చూసే ఒక ముసలి ఉపదేశి గారు ఉండేవారు. ఆదివారం ఉదయాన్నే గట్టుదాకా షికారు వెళ్ళి, తిరిగొచ్చి, తనకి తోచిన వేళకి గంట కొట్టేవారు. ఒకసారి పొద్దున్నే, ఒకసారి మిట్టమధ్యాహ్నం. మిషను దొరగారికి ఈ పద్ధతి ఎంతమాత్రం నచ్చేది కాదు. స్వరాజ్యం వచ్చిన మరుసటి ఏడు దొరగారు ఓడెక్కి తన దేశం వెళ్ళిపోతూ, మొగలిపాయ గుడికి ఒక గోడ గడియారం బహుమానంగా ఇచ్చారు. ఇక మీద ఆరాధన తొమ్మిది గంటలకే జరగాలని మరీ మరీ చెప్పారు. ఆ వెనకే మిషను డబ్బు తగ్గిపోయి, ఉపదేశి గారి జీతం ఆగిపోయి, ఆయన పాలకొల్లులో కూతురింటికి వెళ్ళిపోయారు.

గడియారానికి తాళం ఎవరివ్వాలి, ఆదివారం గుళ్ళో దేవుడి వాక్యం ఎవరు చెప్పాలి అన్న ప్రశ్న వచ్చింది. రాజోలు పాస్టరు సూర్యప్రకాశరావు అయ్యగారికి చుట్టూ ఎన్నో పల్లెలు. ఆయన మొగలిపాయకి ఒక ఆదివారం విడిచి ఒక ఆదివారం రాగలరు. మిగతా ఆదివారాలకి ఊళ్ళోనే ఎవరో ఒకరు కావాలి. చదువొచ్చినవాడు, గొంతున్నవాడు, ఎప్పుడు చూసినా మాట్లాడుతూనే ఉండేవాడు ఎవరంటే, అందరూ అరుగు మీద మిషను వైపు చూశారు.

"మా అల్లుడు గారు మిషను తొక్కుతూనే మాట్లాడతారు, మిషను ఆగినా మాట్లాడతారు. ఆ మాటలేవో గుళ్ళో మాట్లాడితే దేవుడికైనా పనికొస్తాయి" అంది మాణిక్యం గారు.

అలా దైవాధీనం వాక్యం చెప్పేవాడయ్యాడు. చెప్పడం అంటే మామూలుగా చెప్పలేదు. ఆయనకి దేవుడి గ్రంథంలో ఏ కథ చదివినా అందులో బట్టలే కనిపించేవి. ఎవరు ఏం తొడుక్కున్నారు, ఎవరిచ్చారు, ఎవరి కొలతలకి కుట్టారు అని ఆలోచించేవాడు. తండ్రి ఆస్తి పట్టుకుపోయి తగలేసి, పందులు కాసి, చిక్కి శల్యమై ఇంటికొచ్చిన కొడుకు కథ ఉంది కదా, దాని మీద ఆయన చెప్పింది ఊరంతా చెప్పుకుంది.

"మంచి అంగీ తెచ్చి వీడికి తొడగండి అన్నాడండి తండ్రి. నేను దర్జీని గదండీ, నాకొక అనుమానం వచ్చింది. ఆ అంగీ ఏ కొలతలకి కుట్టేరు? కొడుకు ఎక్కడో దేశాంతరంలో ఉన్నాడాయె. అంటే తండ్రి పాత కొలతలు గుర్తెట్టుకుని, ఎప్పుడొస్తాడో అని ముందే కుట్టించి పెట్టిలో దాచేడన్నమాట. తొడిగితే వదులైపోయుంటుందండి, ఎముకలు తప్ప ఏం లేవు గదా. అయినా తండ్రి కుట్లు విప్పి చిన్నది చెయ్యమన్లేదు. మనింట్లో అన్నం తింటే అదే సరిపోద్దన్నాడు."

ఆ మాటకి గుళ్ళో ముసలివాళ్ళు కళ్ళు తుడుచుకున్నారు. దైవాధీనం ఇంటికి వచ్చి, అన్నం తింటూ, "ఏమే, ఎలా చెప్పేనంటావు?" అని భార్యని ఏడుసార్లు అడిగాడు. ఏడుసార్లూ ఆమె "బాగా చెప్పేరండి" అంది.

అసలు చిత్రం ఇక్కడే మొదలైంది. ఆ క్రిస్మసు నెలలో దైవాధీనం వాక్యం చెప్పిన ఆదివారాల్లో గుడి కిటకిటలాడింది. అయ్యగారు వచ్చిన ఆదివారాల్లో మాత్రం ముగ్గురు ముసలివాళ్ళు, చంటిపిల్లల తల్లి ఒకామె, దైవాధీనం, ఆయన భార్య. అంతే. మొదట్లో అయ్యగారు పట్టించుకోలేదు. రెండోసారి, మూడోసారి కూడా అలాగే అయ్యేసరికి ఆయన ముఖం చిన్నబోయింది. సూర్యప్రకాశరావు అయ్యగారు మంచివాడు, చదువుకున్నవాడు, ఎండలో గట్ల మీద సైకిలు తొక్కుకుంటూ వచ్చేవాడు. అంత దూరం వచ్చి ఖాళీ చాపలకి ప్రసంగం చెయ్యడం ఎవరికి మాత్రం బాగుంటుంది?

దైవాధీనానికి పాపం అనిపించాల్సింది. కొంచెం అనిపించింది కూడా. కాని లోపల ఎక్కడో ఒక మూల, కొత్త చొక్కా తొడుక్కున్న పిల్లాడిలా, మనసు గెంతులేసింది. జనం నా వాక్యానికే వస్తున్నారు, అయ్యగారికి రావడం లేదు. ఈ మాట ఆయన పైకి అనలేదు గాని, నడక మారింది. గుడికి వెళ్ళేటప్పుడు పంచె కుచ్చిళ్ళు ఎక్కువసేపు సర్దుకోవడం మొదలుపెట్టాడు. సువర్ణ అన్నీ చూసింది, ఏమీ అనలేదు.

సంక్రాంతి వెళ్ళాక ఒక ఆదివారం, ఖాళీ గుళ్ళో ఆరాధన ముగించి, అయ్యగారు దైవాధీనాన్ని పక్కకి పిలిచారు.

"దైవాధీనం గారూ, దాచిపెట్టి లాభం లేదండి. చిన్నచిన్న గుళ్ళు మూసేసి పెద్ద గుళ్ళలో కలిపెయ్యాలని సంఘం కమిటీ అనుకుంటోంది. జనం లేని గుడికి పాస్టరెందుకు అంటున్నారు. మొగలిపాయ పేరు కూడా వచ్చింది. అదే జరిగితే ఈ గుడి మూసేస్తారు, గంట రాజోలు పట్టుకుపోతారు."

దైవాధీనానికి, గోడకి ఆనుకుని కూర్చునే అత్తగారు కళ్ళముందు మెదిలింది. కాని ఆయన నోట్లోంచి వచ్చిన మాట వేరు.

"కమిటీ వారిని నా ఆదివారం నాడు రమ్మనండి అయ్యగారూ. గుడి నిండుతుందో లేదో వాళ్ళ కళ్ళతోనే చూస్తారు."

అనేశాక నాలిక కరుచుకున్నాడు. అయ్యగారు ఒక్క క్షణం ఆయన ముఖంలోకి చూశారు. ఇంకొకరైతే మండిపడేవారు. ఈయన మాత్రం, "సరేనండి. ఎవరు చెప్తే ఏం, గుడి నిలబడాలి. నేనే తీసుకొస్తాను" అన్నారు. కమిటీ వాళ్ళకి తీరిక చిక్కేది వేసవి గడిచాకే. జూన్ నెలలో, గోదావరికి వరద ఎర్రనీళ్ళు రాకముందు, దైవాధీనం వంతు వచ్చే ఒక ఆదివారం అని ఖాయమైంది.

ఊరంతా ధైర్యంగా ఉంది. మన దైవాధీనం గారు ఉండగా గుడికేం భయం అన్నారు. ఆయన కూడా అదే అనుకున్నాడు. అప్పుడు, ఎండలు ముదిరేకొద్దీ, ఆయన ఆదివారాలు పల్చబడటం మొదలైంది.

మొదట సగం గుడి. తరవాత పావు. వేసవి నడిమికి వచ్చేసరికి ఆయన ముందు కూర్చున్నది ముసలివాళ్ళు ముగ్గురు, చంటిపిల్లల తల్లి, ముందు వరసలో సువర్ణ. ఇంకా ఘోరం ఏమిటంటే, అయ్యగారి ఆదివారాల్లో గుడి నిండిపోతోంది. అయ్యగారు ఎప్పుడూ చెప్పే ప్రసంగమే, అదే మెల్లని గొంతుతో చెప్తుంటే, గుమ్మం బయట కూడా నిలబడి వింటున్నారు. అయ్యగారి ముఖం వెలిగిపోతోంది. దైవాధీనం ముఖం మాత్రం తడి తగిలిన గంజిబట్టలా అయిపోయింది.

తన గర్వానికి దేవుడు శిక్ష వేశాడని ఆయన తేల్చుకున్నాడు. గొంతు తీసుకుని అయ్యగారికిచ్చేశాడు అనుకున్నాడు. ఉపవాసం ఉన్నాడు. ప్రసంగంలో బట్టల ప్రస్తావన మానేసి గంభీరంగా చెప్పి చూశాడు, చంటిపిల్లల తల్లి కూడా నిద్రపోయింది. మిషను మీద మనసు నిలవక, ఒకాయన చొక్కాకి రెండు చేతులూ ఎడమచేతులే కుట్టేశాడు. ఇంట్లో మాట తగ్గిపోయింది. మాణిక్యం గారికి భయం వేసింది. "అల్లుడు గారు మాట్లాడకపోతే ఇల్లు ఇల్లులా లేదే" అని కూతురితో అంది.

కమిటీ రావలసిన ఆదివారం ఇక దగ్గరపడింది. ఒక సాయంత్రం ఆయన మిషను దగ్గర్నుంచి లేచి, పొయ్యి ముందు కూర్చున్న సువర్ణ పక్కన చతికిలబడ్డాడు.

"సువర్ణా, నేను వాక్యం చెప్పడం మానేస్తానే. ఆ ఆదివారం కూడా అయ్యగార్నే చెప్పమంటాను. దేవుడు నన్నొదిలేసేడు. నా మూలంగా మీ అమ్మ కట్టిన గుడి పోకూడదు."

సువర్ణ పొయ్యిలో పుల్ల ఎగదోసింది. ఆమె భుజాలు కదులుతున్నాయి. ఏడుస్తోందేమో అనుకున్నాడు. తీరా చూస్తే నవ్వు. నవ్వుతూనే కళ్ళనీళ్ళు.

"దేవుడొదిలెయ్యలేదండి. ఒదిలేసింది నీళ్ళండి."

"ఏంటీ?"

"తొమ్మిది గంటలప్పుడు నీళ్ళు నిండుగా ఉంటే జనం ఏం చేస్తారండి, గుడికొస్తారు. తొమ్మిది గంటలప్పుడు పాటైతే తట్టలట్టుకుని బురదలోకి పోతారు. సోమవారం సున్నపు బట్టీ పడవ వస్తుంది గదా, ఆదివారం ఏరకపోతే అందులో ఏం వెయ్యాలి? ఓ ఆదివారం పోటైతే పై ఆదివారం పాటేనండి. క్రిస్మసప్పుడు పోటు మీ ఆదివారానికొచ్చింది, అయ్యగారికి పాటొచ్చింది. నెలలు గడిచేకొద్దీ జరిగి జరిగి ఇప్పుడు తిరగబడింది. అంతేనండి."

దైవాధీనం నోరు తెరుచుకుని ఉండిపోయాడు. నోరు తెరిచి మాట రాకపోవడం ఆయన జీవితంలో అదే మొదటిసారి.

"మరి ఉపదేశి గారు..."

"ఆయన గట్టు మీదకెళ్ళి నీళ్ళు చూసొచ్చి కొట్టేవారండి గంట. గడియారం వచ్చేక నీళ్ళెవరు చూస్తారు? దొరగారిచ్చిన గడియారం గదా, తప్పని ఎవరంటారండి?"

"నీకు తెలుసా? ఇన్నాళ్ళూ తెలుసా? నాకెందుకు చెప్పలేదే?"

సువర్ణ చీర చెంగుతో కళ్ళు తుడుచుకుంది. "ఎలా చెప్పమంటారండి? జనం నా మాటకే వస్తున్నారని మీరంత సంబరంగా ఉంటే! ఇంటికొచ్చి ఏడుసార్లు అడిగేవోరు, ఎలా చెప్పేనూ అని. అది నీళ్ళ మహిమండి అనడానికి నాకు నోరు రాలేదండి."

అప్పుడు ఆయనకి ఇంకో విషయం తట్టింది. జనం రాని ఆదివారాల్లో కూడా ముందు వరసలో సువర్ణ ఉంది. అంటే పాటు వదులుకుని వచ్చింది. ఊరంతా బురదలో ఉంటే, ఆమె తట్ట ఇంటి గోడకి బోర్లించి ఉంది.

"మరి నువ్వెందుకు పోలేదే, గుల్లలకి?"

"నేనూ పోతే మీరెవరికి చెప్తారండీ?" అంది సువర్ణ, అదేదో అడగాల్సిన మాటే కానట్టు.

దైవాధీనానికి సిగ్గేసింది, ఏడుపొచ్చింది, ఆ వెంటనే, ఎక్కడి నుంచో తెలీదు, నవ్వొచ్చింది. ఇద్దరూ పొయ్యి ముందు కూర్చుని పొట్ట చెక్కలయ్యేలా నవ్వారు. మాణిక్యం గారు కంగారుగా లోపలికొచ్చి, అల్లుడి గొంతు విని, దేవుడికి దణ్ణం పెట్టుకుంది.

మర్నాడే ఆయన రాజోలు వెళ్ళి అయ్యగారికి అంతా చెప్పేశాడు. "మీకు రాకపోవడం మీ తప్పు కాదండి, నాకు రావడం నా గొప్పా కాదండి. ఇద్దరం నీళ్ళ మీద తేలినోళ్ళమేనండి." అయ్యగారు కాసేపు అర్థం కానట్టు చూసి, తరవాత కుర్చీలో వెనక్కి వాలి నవ్వడం మొదలుపెట్టారు. ఆ నవ్వులో క్రిస్మసు నుంచి మోస్తున్న బరువంతా దిగిపోయింది. "ఈ వేసవిలో నా ప్రసంగాలు బాగుపడ్డాయని మా ఇంటావిడతో చెప్పుకున్నానండి!" అని మళ్ళీ నవ్వారు.

నవ్వు అయ్యాక ఇద్దరికీ అసలు సంగతి గుర్తొచ్చింది. కమిటీ వచ్చే ఆదివారం తొమ్మిది గంటలకి నిండు పాటు. ఆరాధన మధ్యాహ్నానికి జరపండి అని అయ్యగారు కమిటీ పెద్ద గంగాధరరావు గారిని అడిగి చూశారు. ఆయన రిటైరైన హెడ్మాస్టరు. తొమ్మిదంటే తొమ్మిదే అన్నారు. నీళ్ళని బట్టి దేవుడి పని నడపడం ఆయన ఎక్కడా వినలేదట.

ఊళ్ళో సంగతి తెలిసి అందరూ అరుగు చుట్టూ చేరారు. "ఒక్క పాటు పోతే పోయింది లెండి, ఆ పూట అందరం గుళ్ళో ఉంటాం" అన్నారు. దైవాధీనం ఒప్పుకోలేదు. "ఒక్కరోజు నిండిన గుడి చూపిస్తే, పై ఆదివారం మాటేంటండి? మళ్ళీ ఖాళీయే గదా. మీ పనికి మీరెళ్ళండి. నీళ్ళొచ్చేదాకా కూర్చోమని వాళ్ళ కాళ్ళు పట్టుకుంటాను. కూర్చుంటే కూర్చుంటారు, లేకపోతే..." గుమ్మంలో మాణిక్యం గారు నిలబడి వింటోంది.

ఆ ఆదివారం రానే వచ్చింది. తెల్లటి పంచె, తెల్లటి చొక్కా, గంజిపెట్టిన ఉత్తరీయం వేసుకుని దైవాధీనం గట్టు మీద నిలబడ్డాడు. కింద ఊరంతా నల్లటి బురదలో వంగి గుల్లలు ఏరుతోంది. తన ఆదివారాల్లో గుళ్ళో ఎవరెవరు కనపడలేదో, వాళ్ళందరూ అక్కడ ఉన్నారు. సువర్ణని కూడా ఆ పూట ఆయనే బలవంతాన పంపించాడు.

కమిటీ వాళ్ళు పెద్దమనుషులు కాబట్టి గట్ల మీద నడవలేక కామరాజు పడవ మాట్లాడుకున్నారు. పెందలాడే బయల్దేరండి బాబూ, నీళ్ళు దిగిపోతాయి అని కామరాజు ముందురోజే మొత్తుకున్నాడు. గంగాధరరావు గారికి ఇడ్లీలు ఆలస్యమయ్యాయి. పడవ మలుపు తిరిగి ఊరు కనిపించేసరికి నీళ్ళు అరచెయ్యి లోతు ఉన్నాయి. పడవ ఇంకాస్త ముందుకి, జనం మధ్యకి వచ్చి, నెమ్మదిగా, హాయిగా బురదలో కూర్చుండిపోయింది. కామరాజు గెడ పక్కన పెట్టి చుట్ట వెలిగించాడు.

"పొయ్యి మీద కుండలా కూర్చుందండి. ఇక పోటొచ్చేదాకా దేవుడు కూడా కదపలేడండి, మీ దేవుడైనా మా దేవుడైనా."

పడవలో గంగాధరరావు గారు, ఇంకో ఇద్దరు పెద్దలు, అయ్యగారు. దిగుదామంటే మోకాలిలోతు బురద. చుట్టూ తట్టలతో నిలబడ్డ జనం నవ్వు ఆపుకోలేక తలలు దించుకున్నారు. గంగాధరరావు గారు జేబులోంచి గడియారం తీసి చూశారు. "తొమ్మిదయింది. ఆరాధన వేళ" అన్నారు, ఎవరి మీద కోపపడాలో తెలీక. అయ్యగారు ఆకాశం వైపు చూస్తూ పెదాలు బిగబట్టారు.

అప్పుడు మాణిక్యం గారు నడుం మీద చెయ్యి వేసుకుని లేచి, గట్టు వైపు తిరిగి కేకేసింది.

"అల్లుడు గారూ! జనం ఇక్కడున్నారు, కమిటీ వారూ ఇక్కడే ఉన్నారు. గుళ్ళో ఎవరున్నారని అక్కడ నిలబడ్డారు? వాక్యమేదో ఇక్కడే చెప్పెయ్యండి!"

దైవాధీనం కింద బురద చూశాడు. తన పంచె చూసుకున్నాడు. ఇల్లరికం వచ్చిన నాటి నుంచి దిగని గట్టు. చెప్పులు విప్పి పక్కన పెట్టాడు, ఈసారి రెండూ. దిగాడు. రెండడుగులు బాగానే పడ్డాయి, మూడో అడుగుకి జారి వెల్లకిలా పడ్డాడు. పాయ మొత్తం ఘొల్లుమంది. కమిటీ వాళ్ళు కూడా నవ్వారు. లేచేసరికి ఆయన మీద తెల్లరంగు ఎక్కడుందో వెతకాలి. సువర్ణ పరుగున వచ్చి చెయ్యి పట్టుకుంది. ఆమె పట్టుకునే ఆయన పడవ పక్కకి నడిచాడు.

పాట ఎత్తుకున్నారు. వంగి ఏరుతూనే పాడారు. తట్టల్లో గుల్లలు పడే చప్పుడే తాళం అయింది. తరవాత దైవాధీనం గొంతు సవరించుకున్నాడు. ఇంటి దగ్గర తయారు చేసుకున్న గంభీరమైన ప్రసంగం ఒక్క ముక్క కూడా గుర్తు రాలేదు. ఒంటి మీది బురద చూసుకుంటే మళ్ళీ ఆ కొడుకే గుర్తొచ్చాడు.

"మీకు ఆ అబ్బాయి అంగీ సంగతి చెప్పేనండి ఇదివరకు. కాని ఒక ముక్క వదిలేసేను. నా కంటికి అప్పుడు కనపళ్ళేదు. ఆ కుర్రాడు ఎక్కడి నుంచి వచ్చేడండి? పందుల దగ్గర్నుంచి. ఒళ్ళంతా ఇదిగో, ఇలా ఉంటుంది. నేనైతే ఏమనేవోణ్ణి? అబ్బాయ్, ముందు నూతి దగ్గరకెళ్ళి కడుక్కునిరా, అప్పుడు ముట్టుకుంటాను, నా బట్టలు పాడైపోతాయి అనేవోణ్ణి. తండ్రి అన్లేదండి! పరిగెత్తుకొచ్చి, ఆ బురదతోనే వాటేసుకున్నాడు. మంచి అంగీ తరవాతండి. ముందు తండ్రి బట్టలకి బురదైంది. నేనింతకాలం అంగీ గురించే చెప్పేను గాని, తండ్రి మీదైన ఆ బురద చూళ్ళేదండి. మీరు రాలేదని మీ మీద అలిగి గట్టు మీద నిలబడ్డాను. మీరు ఇక్కడున్నారు. నేనే దిగలేదు."

కామరాజు చుట్ట ఆరిపోయింది. దైవాధీనం చెప్తూనే ఉన్నాడు, ఎంతసేపు చెప్పాడో ఆయనకీ తెలీదు. మడమలకి చల్లగా తగిలేదాకా నీళ్ళొస్తున్న సంగతి కూడా ఎవరూ చూడలేదు. చూసి ఒక్కసారిగా కేకలు, నవ్వులు. తట్టలు నెత్తికెత్తారు. కాసేపటికి నీళ్ళు పెరిగి పడవ ఒక్క ఊపు ఊగి లేచింది. జనం నడుములోతు నీళ్ళలో చుట్టూ పట్టుకుని, పాడుకుంటూ, దాన్ని గట్టు దగ్గరకి నెట్టుకొచ్చారు.

గంగాధరరావు గారు గట్టెక్కి, చెప్పులు చేత్తో పట్టుకుని, గుడి ముందుకొచ్చి ఆగారు. గంట వైపు చూశారు. మాణిక్యం గారు గంటకి అడ్డంగా నిలబడింది, తడిచీరతో.

"ఏంటండీ, పట్టుకుపోతారా?"

"నీళ్ళెక్కేయి గదమ్మా" అన్నారు గంగాధరరావు గారు. "మరి కొట్టరేం?"

మాణిక్యం గారు తాడందుకుని లాగింది. అవతలి గట్టు మీద కొంగలు లేచిపోయేలా లాగింది. మొగలిపాయ గుడి ఎవరూ మూయలేదు. అప్పటి నుంచి ఆదివారం పొద్దున్న గట్టెక్కి నీళ్ళు చూసి, గంట వేళ చెప్పే పని సువర్ణది. గడియారానికి తాళం ఇచ్చే పని దైవాధీనంది. అది గోడ మీద తన లెక్కన తను నడుస్తూ ఉండేది, ఎవరూ దాన్ని కించపరచలేదు. ఎవరి ఆదివారమైనా గుడి నిండింది. దైవాధీనం ఆ తరవాత చాలా ఏళ్ళు, తల నెరిసేదాకా వాక్యం చెప్పాడు. వేసవిలో ఒకోసారి జనం అడిగి మరీ ఆయన్ని బురదలోకి దింపేవారు.

కాని ఆ రోజు సంగతి ఇంకొక్కటి ఉంది. మధ్యాహ్నం అన్నాలవేళ. సువర్ణ ఆయన పంచె మూడోసారి ఉతికి ఆరేసి వచ్చింది. దైవాధీనం కంచం ముందు కూర్చుని కలుపుకున్న ముద్ద నోట్లో పెట్టుకోకుండా చేత్తో తిప్పుతున్నాడు. ఎలా చెప్పాను అని అడగాలని ఉంది. ఇక ఎప్పటికీ అడగకూడదని ఒట్టు పెట్టుకున్నాడు.

సువర్ణ గుల్లల తట్ట తెచ్చి ఆయన ముందు వంచి చూపించింది. అడుగు కూడా సరిగ్గా నిండలేదు.

"ఏమే, పాటంతా బురదలోనే ఉన్నావు గదా?"

"నావే కాదండి, అందరి తట్టలూ ఇంతే. అమ్మది కూడా. మీరా తండ్రి బురద సంగతి ఎత్తేక ఒక్కళ్ళు వంగితే ఒట్టండి. పాటు వేళ మా ఊరోళ్ళ చేతులాగడం నేను పుట్టేక చూళ్ళేదు."

దైవాధీనం ఆమె వైపు చూశాడు. "నిజంగా ఆగేయా?"

"ఆయ్. ఇది నీళ్ళ మహిమ కాదండి" అంది సువర్ణ. "తినండి, చల్లారిపోతోంది."